మచ్చ ఉందని వెనక్కి పంపిన టమాటాల గురించి ఫిర్యాదు

కొనుగోళ్ల విభాగం మేనేజర్ గారికి,

విషయం: పలమనేరు దగ్గరి మీ కలెక్షన్ సెంటర్‌లో మంచి కాయను రిజెక్ట్ చేయడం గురించి.

అయ్యా,

తిరుపతిలోని మీ షాపులకు ఈ సెంటర్ ద్వారా టమాటా వేస్తున్న రైతును. సోమవారం దించిన లోడులో దాదాపు సగం ట్రేలు రిజెక్ట్ అని పక్కన పెట్టారు. కుళ్లినవీ పురుగు పట్టినవీ తోట దగ్గరే ఏరేసి తెస్తాం. పక్కన పెట్టిన ట్రేలోంచి ఒక కాయ తీసి చూశాను. తొడిమ చుట్టూ సన్నటి గీతలు, అవీ ఎండి మానిపోయినవి. ఇంకోదానికి అడుగున గోధుమరంగు గరుకు మచ్చ, కాస్త సొట్ట. రెండూ గట్టిగా ఉన్నాయి. అక్కడే కోసి చూపించాను. "లోపల బాగుందన్నా, కానీ ఫొటోలో ఉన్నట్టు ఉండాలి" అన్నాడు గ్రేడింగ్ అబ్బాయి. అతన్ని అనేదేముంది, గోడకు అంటించిన ఆ ఫొటో మీరు పంపిందే.

చాన్నాళ్లు ఎండ కాసి ఒక్కసారిగా వాన పడితే కాయ ఉబ్బుతుంది, తోలు సాగలేక చీలుతుంది. పూత మీద చలి ఎక్కువైతే అడుగున ఆ మచ్చ, సొట్ట వస్తాయి. మందు కొడితే పోయేవి కావివి. గీతలు పడ్డ కాయ ఎక్కువ రోజులు నిలవదంటారా, ఒప్పుకుంటాను. రేటు తగ్గించి వచ్చిన రోజే అమ్మండి. చారులోకో పచ్చడిలోకో కొనేవాళ్లు కాయ నునుపు చూడరు. సొట్ట కాయకైతే ఆ సాకు కూడా లేదు.

నాకు ఒళ్లు మండింది వేరే చోట. పొద్దున దించిన కాయను మీవాళ్లు చూసేసరికి మధ్యాహ్నమైంది. ఆ పాటికి మండీలో వేలం అయిపోయింది. మర్నాటిదాకా ఉంచి మళ్లీ తీసుకెళ్తే టెంపో బాడుగ కూడా రాదు. ఆవులు తిన్నంత తిన్నాయి, మిగతాది దిబ్బలో పోశాం. కోత కూలీ, బాడుగ నా నెత్తిన పడ్డాయి. మీకు పైసా నష్టం లేదు.

కోత దగ్గర్నుంచి అమ్మకం దాకా దేశంలో టమాటా 12.44 శాతం పోతోందని లూథియానాలోని కేంద్ర పరిశోధన సంస్థ సీఫెట్ 2015లో లెక్క తేల్చింది. గ్రేడింగ్ దగ్గర పోయేది కూడా అందులో ఉంది. మీ షాపు గోడ మీద మాత్రం ఆహారం వృథా చేయొద్దని పెద్ద బోర్డు.

పైగా మీ సొంత బ్రాండ్ టమాటా సాస్ అదే షాపులో అమ్ముతున్నారు. సాస్‌కి నున్నటి కాయే కావాలా? మన చిత్తూరులో గుజ్జు ఫ్యాక్టరీలకు వెళ్లే తోతాపురి మామిడి తోలు మీద మచ్చను ఎవరూ పట్టించుకోరు. 2025లో రేటు పడిపోయినప్పుడు సైతం కిలోకు 12 రూపాయలని తేల్చారు, ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4. అది అందరి చేతికీ సరిగ్గా అందిందా అంటే వేరే కథ. కనీసం రేటంటూ ఒకటి చెప్పారు. మా రెండో రకం టమాటాకు మీ దగ్గర ఆ మాత్రం కూడా లేదు.

కాబట్టి రెండో రకానికి రేటు పెట్టి కొనండి, దాన్ని షాపులో విడిగా అమ్ముతారో సాస్‌కి పంపుతారో మీ ఇష్టం. ఏ కాయ తీసుకుంటారో, ఏది తీసుకోరో కోతకు ముందు రోజే మెసేజ్ పెట్టండి. లోడు దించిన గంటలోపు చూసి, వద్దన్న ట్రేలకు కారణం రాసి సంతకం పెట్టి ఇవ్వండి, మండీకైనా పోతాం. సోమవారం లోడుకు కూలీ, బాడుగ లెక్క దీనితో జత చేశాను. ఆ డబ్బు మీరే కట్టాలి.

తర్వాతి కోత శుక్రవారం. గురువారం సాయంత్రంలోగా జవాబు రాకపోతే ఆ కాయ మీ సెంటర్‌కు రాదు, నేరుగా మండీకి వెళ్తుంది. నా నంబరు మీ రిజిస్టర్‌లో ఉంది.

ఇట్లు,
మీకు టమాటా వేసే రైతు,
పలమనేరు, చిత్తూరు జిల్లా