విషయం: సర్వీసు చేసిన రోజే ఆగిపోయిన షట్టర్ రిమోట్, దానికి కొత్త కిట్ కొనమనడం గురించి

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

నమస్కారం. విజయవాడలోని మా ఇంటి కారు షెడ్డుకి మీ కంపెనీ మోటారు షట్టర్ పెట్టించుకున్నాం. బిల్లు, ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) కాగితం ఈ లేఖతో జత చేశాను. గత నెలలో మీ టెక్నీషియన్ ఏఎంసీ సర్వీసుకి వచ్చి, గ్రీజు పెట్టి, కంట్రోల్ బాక్సు శుభ్రం చేసి వెళ్లాడు. ఆ సాయంత్రం నుంచే రిమోట్ పనిచేయడం లేదు. పొద్దున్న దాకా బాగానే ఉందండీ అంటే, మీ కాల్ సెంటర్‌లో ఎవరు ఫోన్ ఎత్తినా ఒకటే మాట: "బ్యాటరీ మార్చండి మేడమ్."

మార్చాం. రిమోట్ లోపల ఉండే ఆ చిన్న 12 వోల్టుల బ్యాటరీ కొత్తది తెచ్చి, వేసే ముందు మా అబ్బాయి మల్టీమీటరు పెట్టి కూడా చూశాడు. పూర్తి చార్జి ఉంది. ఎర్ర లైటు వెలుగుతోందా అని మీవాళ్లు పదే పదే అడిగారు. బ్యాటరీ నీరసించినా లైటు వెలుగుతుంది, సిగ్నల్ మాత్రం దూరం పోదు. ఈ సంగతి మీవాళ్లకే తెలియాలి. పైగా మా అత్తయ్యగారి దగ్గరున్న రెండో రిమోట్ కూడా అదే రోజు, అదే వరసలో మొరాయించింది. రెండు రిమోట్లూ కూడబలుక్కుని ఒకేసారి పాడవుతాయా?

గోడ మీది స్విచ్ నొక్కితే షట్టర్ చక్కగా లేస్తోంది, చక్కగా దిగుతోంది. అంటే మోటారుకీ కరెంటుకీ ఏ ఢోకా లేదు. రిమోట్ కూడా అసలే పనిచేయదని కాదు. షట్టర్‌కి ఆనుకుని నిలబడి, చెయ్యి పైకి చాపి బాక్సు కిందే పెట్టి నొక్కితే తెరుచుకుంటోంది. రెండడుగులు వెనక్కి వేస్తే ఉలుకూ పలుకూ లేదు. ఇదివరకు వీధి మలుపు తిరుగుతూనే కారులోంచి నొక్కేవాళ్లం. బాక్సులో నమోదైన రిమోట్ కోడ్ చెరిగిపోయి ఉంటే దగ్గరగా పెట్టి నొక్కినా పనిచేయకూడదు కదా! కాబట్టి బాక్సులో సిగ్నల్ అందుకునే రిసీవర్ రిమోట్‌ని గుర్తుపడుతూనే ఉంది, సిగ్నలే దానికి సరిగా అందడం లేదు. ఇదంతా ఫోన్‌లో విడమరిచి చెప్పాను. విన్నాయన షెడ్డులో ఎల్‌ఈడీ బల్బు తీసేయమన్నాడు. అది తీసిపారేసే సలహా కాదు, నాసిరకం ఎల్‌ఈడీ బల్బులు రిమోట్ సిగ్నల్‌ని చెడగొట్టే మాట నిజమే. బల్బు తీసేశాం. తేడా లేదు.

ఆ తర్వాత మీ టెక్నీషియన్ రెండోసారి వచ్చాడు. అసలు ఫిర్యాదు ఇక్కడినుంచే. బాక్సు మూత తీశాడు, రిమోట్లను నమోదు చేయడానికి లోపలున్న లెర్న్ బటన్ కాసేపు నొక్కి పట్టుకున్నాడు. అలా పట్టుకుంటే అందులో నమోదైన రిమోట్లన్నీ చెరిగిపోతాయి. నాకు ముక్క చెప్పకుండా అది చేసేసి, నా రిమోట్ ఒక్కటే మళ్లీ నమోదు చేశాడు. అత్తయ్యగారిది "పాతదండీ, తీసుకోదు" అన్నాడు. రెండూ ఒకే పెట్టెలో వచ్చినవి! నా రిమోట్ పరిస్థితిలో మార్పేమీ రాలేదు, బాక్సు కిందే పనిచేస్తుంది. దానికి అతను తేల్చింది, రిసీవర్ పోయింది, రిమోట్లతో సహా కొత్త కిట్ వేయాలి, 6,800 రూపాయలు అవుతుంది అని. విజిటింగ్ చార్జీ 450 తన సొంత నంబరుకి వేయించుకున్నాడు. ఏఎంసీలో ఉన్నవాళ్లకి విజిటింగ్ చార్జీ ఏమిటో, బిల్లు ఎందుకు ఇవ్వలేదో మీరే చెప్పాలి.

అతను వెళ్లాక మాకు తెలిసిన ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, మెయిన్ ఆపించి మూత తీయించాను. రిసీవర్ బోర్డు నుంచి ఒక సన్నటి వైరు వస్తుంది, సిగ్నల్ పట్టుకునే ఏరియల్ అదే. షట్టర్ బిగించిన రోజున అది బాక్సు అడుగున రబ్బరు రంధ్రంలోంచి బయటికి వేలాడుతూ ఉండేది, ఆనాటి ఫొటోలో కనిపిస్తోంది. ఇప్పుడు దాన్ని చుట్ట చుట్టి, మోటారు వైర్లతో కలిపి ప్లాస్టిక్ ట్యాగు బిగించి, ఇనప డబ్బాలోనే కుక్కేసి ఉంది. చూడ్డానికి నీటుగానే ఉంది. కానీ 433 మెగాహెర్ట్జ్ మీద నడిచే రిమోట్‌కి ఆ వైరు దాదాపు 17 సెంటీమీటర్ల పొడవున, చుట్టలు లేకుండా, లోహానికి ఎడంగా ఉండాలి. ఇనప పెట్టెలో పెట్టి మూతేస్తే సిగ్నల్ ఎక్కడినుంచి వెళ్తుంది? వైరు బయటికి తీస్తే పోయేదానికి కిట్ మొత్తం మార్చమనడం, ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోమన్నట్టుంది. మేం చెయ్యి పెడితే వారంటీ పోయిందంటారని ఆ వైరు ముట్టుకోలేదు. ఫొటోలు జత చేశాను.

ఈలోగా మా అవస్థ కూడా వినండి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు నేను వర్షంలో కారు దిగి, షట్టర్‌కి అతుక్కుని చెయ్యెత్తి బటన్ నొక్కుతున్నాను. మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యగారికి ఆ వీలు కూడా లేదు. బజారులో 300కే డూప్లికేట్ రిమోట్ చేసిస్తామన్నారు. అలా కాపీ కొట్టడం కుదరకూడదనే కదా, నొక్కిన ప్రతిసారీ కోడ్ మారే రోలింగ్ కోడ్ రిమోట్ అని చెప్పి మీరు ఎక్కువ ధరకి అమ్మింది.

నేను అడిగేది ఇదీ. ఏరియల్ వైరు యథాస్థానంలో బయటికి తీసి, కారులోంచి నొక్కి చూపించాలి. మెమరీ మొత్తం చెరిపి, రెండు రిమోట్లనూ నా కళ్లెదుట మళ్లీ నమోదు చేయాలి. మీ మనిషి ఒంటరిగా ఆ బాక్సు దగ్గర గడిపాడు కాబట్టి, వేరే రిమోట్ ఏదీ అందులో లేదని నాకు నమ్మకం కుదరాలి. 450 రూపాయలు వాపసు ఇవ్వాలి. రిసీవర్ నిజంగానే పాడైందని మీరంటే, ఏ పరీక్ష చేసి తేల్చారో కంపెనీ లెటర్‌హెడ్ మీద రాసి ఇవ్వండి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా ఇవి జరగకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం సేవాలోపం ఒక్కటే కాదు, డబ్బు తీసుకుని బిల్లు ఇవ్వకపోవడం కూడా అనుచిత వ్యాపార పద్ధతే. 5 లక్షల లోపు విలువకి కమిషన్‌లో ఫీజు కూడా ఉండదు.

సాయంత్రం 5 దాటాక ఇంట్లోనే ఉంటాను. వచ్చేముందు ఫోన్ చేయమనండి. ఈసారి వేరే టెక్నీషియన్‌ని పంపండి. నిచ్చెన మా దగ్గరే ఉంది.

ఇట్లు,
మీ ఏఎంసీ కస్టమర్
(పేరు, ఫోన్ నంబరు జత చేసిన బిల్లు కాపీలో ఉన్నాయి)