మామల్లపురానికి మళ్లీ వెళ్దాం, ఈసారి పిల్లల మాట విని

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

అందరూ అడుగుతున్న సంగతి ముందు చెప్తాను. మామల్లపురంలో కళ్లు తిరిగి కూలబడిన ఏడో తరగతి అబ్బాయి బాగున్నాడు. సోమవారం బడికి వచ్చాడు, మంగళవారం ఆటల పీరియడులో కబడ్డీ కూడా ఆడాడు. వాళ్లమ్మగారు నాతో ఫోన్లో చాలాసేపు మాట్లాడారు. ఆమెకు బడి మీద కోపం లేదు. కాబట్టి వాట్సాప్ గ్రూపుల్లో "ఆస్పత్రిలో చేర్చారట", "బడివాళ్లే ఎండలోకి పంపారట" అంటూ తిరుగుతున్న మాటలు ఇక ఆపమని కోరుతున్నాను.

జరిగింది ఇది. క్వార్టర్లీ సెలవులకు ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు ఈసారి పుస్తకాల హోంవర్క్ ఇవ్వలేదు. ఒక్క పనే ఇచ్చాం: ఇంటిల్లిపాదీ ఒక పూట మామల్లపురం (మహాబలిపురం) చూసి రావడానికి ప్లాను వేయండి, వీలైతే వెళ్లి రండి, చూసినదాని గురించి ఒక పేజీ రాయండి. ఏడో తరగతిలో ఆరు కుటుంబాలు కలిసి వ్యాను మాట్లాడుకున్నాయని తెలిసి ఎంత సంతోషించానో చెప్పలేను. కానీ ఆ ఆదివారం వ్యాను ఇక్కడ చెన్నైలో కదిలేసరికే తొమ్మిదిన్నర అయింది. ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) మీద టిఫినుకు గంట ఆగారు. రథాల ఆకారంలో రాతిని చెక్కిన ఐదు గుళ్లు, అదే పంచ రథాల దగ్గర దిగేసరికి మిట్టమధ్యాహ్నం. ఆ అబ్బాయి రాత్రి ఒంటిగంట దాకా మేలుకున్నాడు, పొద్దున సరిగా తినలేదు. ఇసకలో పావుగంట నిలబడేసరికి కళ్లు తిరిగి కూలబడ్డాడు. కొబ్బరిబోండాలు అమ్ముకునే ఒకావిడ తన గొడుగు కిందికి తీసుకుపోయి, మొహం తడిపి, నీళ్లు తాగించింది. ఆ తల్లి పేరు కూడా మనవాళ్లెవరూ అడగలేదు. తర్వాత అందరూ వెన్నముద్ద అని పిలిచే గుండ్రటి పెద్ద బండ దగ్గర ఫొటోలు దిగి వెనక్కి వచ్చేశారు. సముద్రపు ఒడ్డు గుడి చూడలేదు, సాళువన్‌కుప్పం చూడలేదు.

ఆ అబ్బాయి వేసిన ప్లాను ఇప్పుడు నా బల్ల మీదే ఉంది. గీతల కాగితం, రెండు వైపులా రాసింది. మొదటి లైను: "ఉదయం 5 గంటలకు బయల్దేరాలి." చివరి లైను: "11 కల్లా వ్యాను ఎక్కాలి. తర్వాత రాయి వేడెక్కుతుంది." పక్కన ఎర్ర స్కెచ్‌పెన్నుతో సూర్యుడి బొమ్మ. ఇంట్లో ఎవరైనా ఇది చదివారా నాన్నా అని అడిగితే, "సంతకం పెట్టారు మేడం" అన్నాడు.

మేం పంపిన కాగితంలో ఎండ గురించి ఒక్క ముక్క కూడా రాయకపోవడం మా లోపమే. మన్నించండి. ఇప్పుడు రాస్తున్నాను.

తిరువాన్మియూరు నుంచి మామల్లపురం ఈసీఆర్ మీద దాదాపు 45 కిలోమీటర్లు. తెల్లవారకముందే బయల్దేరితే ఎండ ఎక్కకముందే అక్కడ ఉంటారు. ఉదయం 6 గంటలకే లోపలికి వదులుతారు. 15 ఏళ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు, పెద్దలు ఒకసారి తీసుకున్న టికెట్టే ఒడ్డు గుడికీ పంచ రథాలకూ చెల్లుతుంది. ముందు ఒడ్డు గుడికి వెళ్లండి. రాజసింహ పల్లవుడు 8వ శతాబ్దం మొదట్లో కట్టించిన ఆ గుడిలో పెద్ద గర్భగుడి తూర్పుకు, సముద్రం వైపుకు ఉంటుంది. పొద్దుటి వెలుగులో చూడాల్సిన చోటు అది. అక్కడి నుంచి రథాలకు. ఆ తర్వాత రోడ్డు పక్కనే బండ మీద చెక్కిన అర్జునుడి తపస్సు శిల్పం, అదీ తూర్పు ముఖమే. రెండు పెద్ద బండలు, మధ్యలో చీలిక, ఆ చీలికలో నాగులు. దేవుళ్ల పేర్లు వల్లె వేయించకుండా పిల్లల్ని కాసేపు వదిలేయండి. ముందరి కాళ్లు పైకెత్తి దొంగ తపస్సు చేస్తున్న పిల్లినీ, దాని చుట్టూ చేరిన ఎలుకల్నీ వాళ్లే వెతికి పట్టుకుంటారు. అక్కడికి తొమ్మిది దాటితే కొండ మీది మహిషాసురమర్దని గుహ మరో రోజుకు ఉంచుకోండి. ఒకే పూటలో అన్నీ చూసేయాలనే తొందర వద్దు. నీళ్లు, టోపీ, పులిహోరో పెరుగన్నమో ఇంటి నుంచే తీసుకెళ్లండి.

తిరిగి వచ్చేటప్పుడు ఈసీఆర్ మీదే, 5 కిలోమీటర్లు ఇవతల, సాళువన్‌కుప్పం తగులుతుంది. దయచేసి అక్కడ ఆగండి. చుట్టూ యాళి (సింహంలాంటి కల్పిత జంతువు) తలలు చెక్కిన పులిగుహను అందరూ చూస్తారు. దానికి కాస్త ఉత్తరంగా ఉన్న గుడి దగ్గరికి మాత్రం పది మంది కూడా వెళ్లరు. 2004 డిసెంబరు 26, ఆ ఆదివారం ఉదయం ఈ ఊళ్లో ఉన్నవాళ్లెవరూ మరిచిపోలేరు. మనకు తెలిసినవాళ్లలో ఎంతమందిని తీసుకుపోయిందో ఆ సునామీ కెరటం. అదే కెరటం సాళువన్‌కుప్పం ఒడ్డున ఇసకను కోసుకుపోతే ఒక బండ బయటపడింది, దాని మీద శాసనాలున్నాయి. అక్కడొక సుబ్రహ్మణ్యస్వామి గుడి ఉండేదని ఆ రాతలు చెప్పాయి. 2005లో పురావస్తు శాఖవాళ్లు తవ్వితే గుడి నిజంగానే దొరికింది. పైన పల్లవుల నాటి రాతి కట్టడం, దాని కింద అంతకంటే ఎంతో పాతదైన ఇటుక గుడి. సంగమ కాలం నాటిదని, అంటే దాదాపు రెండు వేల ఏళ్ల కిందటిదని తవ్వినవాళ్లు చెప్పారు. ముందర రాతి వేలాయుధం నిలబడి ఉంది. ఆ ఇటుకల్ని దగ్గరగా చూపించండి పిల్లలకు. మన ఇళ్ల ఇటుక కంటే ఎంత పెద్దవో గట్టు ఇవతల నుంచే, ముట్టుకోకుండా, జాన చాపి పోల్చి చూడమనండి. ఇటుక, చెక్క, లోహం, సున్నం లేకుండా గుడి చేయించానని పల్లవ రాజు మహేంద్రవర్మ మండగపట్టు శాసనంలో గర్వంగా ఎందుకు చెప్పుకున్నాడో, ఆ ఇటుకల ముందు నిలబడితే ఏ టీచరూ చెప్పక్కర్లేకుండా అర్థమవుతుంది. అంతకుముందు గుళ్లు వాటితోనే కట్టేవారు మరి.

"మన పిల్లలు తెలుగువాళ్లు, వాళ్లకు తమిళ రాజుల రాళ్లెందుకు" అని గ్రూపులో ఒకరు రాశారు. ఈ మాట నన్ను చాలా బాధపెట్టింది. పల్లవుల తొలి శాసనాల్లో ఒకటి మన పల్నాడులోని మంచికల్లులో దొరికింది. మైదవోలు రాగిరేకులూ గుంటూరు వైపువే. అవి ప్రాకృతంలో ఉన్నాయి. మహేంద్రవర్మ బిరుదుల్లో తెలుగు మాటలు కూడా ఉన్నాయి. కృష్ణ ఒడ్డు నుంచి పాలారు ఒడ్డు దాకా నడిచి వచ్చిన చరిత్ర అది. నెల్లూరు నుంచీ, చిత్తూరు నుంచీ, ఒంగోలు నుంచీ వచ్చి ఈ ఊళ్లో స్థిరపడిన మన కుటుంబాల్లాగే. అది తమిళులదీ, మనదీ కూడా. 1984లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపద అని గుర్తించిన చోటు మన బడికి గంటన్నర దూరంలో ఉంటే, పదో తరగతి దాటినా దాన్ని ఒక్కసారైనా తీరుబడిగా చూడని పిల్లలు మన బడిలో ఉన్నారు. ఇరవై రెండేళ్లుగా ఇదే బడిలో ఉన్నాను, ఈ ఒక్క విషయం మాత్రం నాకు మింగుడు పడదు. మార్కులు వస్తాయా అని అడుగుతున్నారు. రావు. కానీ చరిత్ర పుస్తకంలో నాలుగు లైన్లు చదివినప్పుడు కళ్ల ముందు ఏదో ఒకటి కనబడాలి కదా. అది ఫోన్లో చూస్తే రాదు. రాతి మీద ఉలి దెబ్బ ఒక్కటి దగ్గరగా చూస్తే వస్తుంది.

అలా చూసిన పిల్లలున్నారు మనకు. ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు వాళ్ల నాన్నతో బస్సులో వెళ్లాడు. ఆయన మేస్త్రి. పంచ రథాల్లో ఒకటైన ధర్మరాజ రథం పై అంతస్తులు నున్నగా పూర్తయి, కింది భాగం మొరటుగా సగంలో ఆగిపోయి ఉండడం పిల్లవాడు గమనించాడు. "ఇల్లు కడితే పునాది ముందు, ఇక్కడ శిఖరం ముందు. ఎందుకు నాన్నా?" అని అడిగాడట. ఆయన కాసేపు చుట్టూ తిరిగి చూసి, "పైనుంచి చెక్కుకుంటూ దిగితే పరంజా ఖర్చు లేదురా, నిలబడడానికి కింద రాయే ఉంది" అన్నారట. ఆ పేజీని స్టాఫ్ రూములో అందరికీ చదివి వినిపించాను. మా సాంఘికశాస్త్రం టీచరు దాన్ని ఫొటో తీసుకున్నారు. అదే తరగతి అమ్మాయి ఆ రథం మీది బొమ్మల పైన చెక్కిన పల్లవ రాజు నరసింహవర్మ బిరుదుల్లో ఒక వరసను నోటుబుక్కులో గీసుకొచ్చింది. పల్లవ గ్రంథ లిపి అది, ఆ కాలంలో ఇక్కడ సంస్కృతం రాయడానికి వాడిన లిపి. అందులో రెండు మూడు అక్షరాలు మన తెలుగు అక్షరాలకు చుట్టాల్లా ఉన్నాయే అని తనంతట తానే పోల్చుకుంది. ఇప్పుడు మధ్యాహ్నం భోజనాలయ్యాక లైబ్రరీలో కూర్చుని సాళువన్‌కుప్పం అతిరణచండ గుహ శాసనాల గురించి చదువుతోంది. ఒకే రాతను ఒక గోడ మీద గ్రంథ లిపిలో, ఎదుటి గోడ మీద నాగరిలో చెక్కారని తెలిసి, "రెండు భాషలవాళ్లు వచ్చేవాళ్లేమో మేడం" అంది. రెండూ సంస్కృతమేనని చెప్పాను. అయినా ఆ అమ్మాయి ప్రశ్నే మంచిది: చదివేవాళ్లు ఎవరు?

ఇంకొకరి గురించి చెప్పకుండా ఉండలేను. ఆరో తరగతి పిల్లవాడు వేసిన ప్లానులో ఎవరూ పెట్టని ఒక గడి ఉంది, "అవ్వ కూర్చునే చోట్లు" అని. వాళ్ల అవ్వకు మోకాళ్ల నొప్పులు. ఏ చోట ఎంత నడవాలి, నీడ ఎక్కడుంది, మడత కుర్చీ ఎక్కడ వేయాలి, అన్నీ వాళ్ల మామయ్యను అడిగి రాసుకున్నాడు. ఒడ్డు గుడికీ రథాలకూ మధ్య ఆటో, కొండ ఎక్కడం లేదు. ఆ అవ్వగారు మామల్లపురం వెళ్లడం అదే మొదటిసారి. అర్జునుడి తపస్సు ముందు మడత కుర్చీలో కూర్చుని, ఏనుగు పిల్లల్ని ఒక్కొక్కటే లెక్కపెట్టారట.

ఇలాంటి పనికి పెద్దలు చేయాల్సిందల్లా పక్కకు జరగడమే. కానీ వచ్చిన ప్లానుల్లో తొమ్మిది కంప్యూటర్ సెంటరులో ప్రింటు తీయించినవి, ఒకే ఫొటో, ఒకే వాక్యాలు. నాలుగింటి మీద చేతిరాత స్పష్టంగా అమ్మది. మీ అక్షరాలు చాలా బాగుంటాయి, అందులో సందేహం లేదు, కానీ హోంవర్క్ మీకు ఇవ్వలేదు. గ్రూపులో ఒక ఫొటోలో చిన్నవాణ్ణి రథాల దగ్గరి రాతి సింహం మీద కూర్చోబెట్టారు. 1958 నాటి పురాతన కట్టడాల చట్టం కింద, 2010 సవరణ తర్వాత, రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. పిల్లవాడికి ఇది తెలియకపోవచ్చు, ఎత్తి కూర్చోబెట్టిన చేతులకు తెలియాలి. "ఐదింటికి పిల్లలు ఎక్కడ లేస్తారు మేడం" అంటున్నారు. పన్నెండింటికి ఫోను చేతిలోంచి తీసుకుంటే లేవరు, తొమ్మిదిన్నరకు తీసుకుంటే లేస్తారు. ప్రార్థనలో కళ్లు మూతలు పడే పిల్లల్ని నేను రోజూ చూస్తున్నాను. ఉత్త పాలు తాగి వచ్చి రెండో పీరియడుకే కడుపు పట్టుకు కూర్చునేవాళ్లనూ చూస్తున్నాను. ఒక్క ఇడ్లీ అయినా తినిపించి పంపండి. మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను, కానీ ఇది మూడోసారి అడగడం.

మిగతా విషయాలు త్వరగా చెప్పేస్తాను. రెండో టర్మ్ ఫీజు ఈ నెలాఖరులోగా కట్టాలి, గుర్తింపు కార్డు పోయినవాళ్లు ఆఫీసులో కొత్తది తీసుకోండి, వానల్లో బడి బస్సు పది నిమిషాలు ముందే వస్తుంది, పోయిన నీళ్లసీసాలు ఇరవై దాకా ఆయమ్మ గదిలో ఉన్నాయి, వచ్చి తీసుకెళ్లండి.

ఈశాన్య రుతుపవనాలు గట్టిగా పట్టుకోకముందే ఈ నెల చివరి ఆదివారం మళ్లీ వెళ్దాం. ఈసారి నేనూ వస్తున్నాను. ఆ ఏడో తరగతి అబ్బాయి ప్లానే మనందరి ప్లాను, వాడు రాసిన వేళకే కదులుతాం. తెల్లవారుజామున ఐదింటికి తిరువాన్మియూరు బస్టాండు దగ్గర ఉంటాను. కొబ్బరిబోండాల ఆవిడకు ఇవ్వడానికి వాడు ఒక బొమ్మ వేస్తున్నాడు, ఆవిడ కనబడితే అందరం కలిసి ఇద్దాం. రాదలచుకున్నవాళ్లు శుక్రవారంలోగా ఆఫీసులో పేర్లు ఇవ్వండి, ఎంతమందో, అవ్వాతాతలు వస్తారో లేదో కూడా రాసి. ఆ కాగితం పిల్లల చేతిరాతలోనే ఉండాలి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు