క్యూబిట్ శక్తి ఎటు పోతుందో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

అమరావతికి 156 క్యూబిట్ల ఐబీఎం క్వాంటమ్ కంప్యూటర్ వస్తోందని 2025లో ప్రకటించినప్పటి నుంచి పత్రికల్లో క్వాంటమ్ వార్తలకు కొదవలేదు, సంతోషమే. కానీ నేను చదివినంతలో అన్నీ పెట్టుబడులు, ఉద్యోగాల లెక్కలే. ఆ యంత్రానికున్న అసలు కష్టం గురించి ఎక్కడా కనపడలేదు.

క్యూబిట్ అంటే ఆ యంత్రంలో సమాచారాన్ని పట్టి ఉంచే మూల భాగం. దానికి కాస్త శక్తి ఇచ్చి పై స్థాయికి ఎక్కిస్తే అది అక్కడ ఎక్కువసేపు నిలవదు. చుట్టూ ఉన్న వైర్లు, చిప్ ఉపరితలం మీద కంటికి కనపడని లోపాలు, ఏదో ఒకటి ఆ శక్తిని లాగేసుకుంటుంది. ఈ తరహా చిప్‌లలో ఆ శక్తి నిలిచేది మామూలుగా మైక్రోసెకన్ల (సెకనులో పది లక్షల వంతు) లెక్క, బాగుంటే వందల మైక్రోసెకన్లు. అంతకంటే చల్లబరచడం కుదరని పరమశూన్యానికి కేవలం 0.015 డిగ్రీల పై వరకు చల్లబరిచినా ఈ కారడం పూర్తిగా ఆగదు, బయటి వేడి చేసే అల్లరి తగ్గుతుందంతే.

శక్తి కారకుండా ఎంతసేపు ఆపవచ్చో చూపే ప్రయోగం ఒకటుంది. పారిస్‌లో భౌతిక శాస్త్రవేత్త సెర్జ్ హరోష్ బృందం మూడు సెంటీమీటర్ల ఎడంలో పెట్టిన, నియోబియం అనే లోహపు పూత ఉన్న రెండు అద్దాల మధ్య ఒక్క మైక్రోవేవ్ ఫోటాన్‌ను (శక్తి రేణువును) సగటున 0.13 సెకన్లు నిలబెట్టింది. ఆ కాస్త సేపట్లో అది అటూ ఇటూ కొట్టుకుంటూ తిరిగే దూరం దాదాపు 40,000 కిలోమీటర్లు, అంటే భూమి చుట్టూ ఒక చుట్టు! హరోష్‌కు 2012లో నోబెల్ వచ్చింది. క్లాసులో ఇది చెప్పిన రోజు వెనక బెంచీ పిల్లలు కూడా ఫోన్లు పక్కన పెట్టి విన్నారు.

ఇలాంటివి వారానికి అర పేజీ వేయండి. రేపు ఆ యంత్రం మీద పనిచేయాల్సింది ఈ పిల్లలే కదా.

– ఒక ఫిజిక్స్ లెక్చరర్, గుంటూరు