నాలుగు శాటిలైట్లు ఎందుకని అడిగావుగా

ఒరేయ్ చిన్నా,

నీ మెసేజ్ చూశాను. "ఒకే చోటుని కొలవడానికి నాలుగు శాటిలైట్లు పంపడమేంటక్కా, వీళ్ళకి డబ్బులెక్కువయ్యాయా" అని అడిగావు. ఫోన్‌లో చెప్తే నువ్వు సగంలో వేరే టాపిక్‌లోకి వెళ్ళిపోతావు, ఈలోపు అమ్మ ఫోన్ లాక్కుంటుంది, అందుకే కూర్చుని రాస్తున్నా. నేనిక్కడ అమెరికాలో ఏం చేస్తున్నానని ఎవరైనా అడిగితే నాన్న "నాసా" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటున్నాడంట. నేను నాసాలో లేనురా, వాళ్ళు పంపిన ఎమ్‌ఎమ్‌ఎస్ అనే నాలుగు శాటిలైట్ల డేటా మీద పనిచేసే గ్రూప్‌లో ఉన్నా, అంతే. ఆయనకి కూడా ఇది చదివి వినిపించు.

ముందు ఆ శాటిలైట్లు తిరిగే చోట ఏముందో చెప్తా. భూమి పైన గాలి అయిపోయాక ఇంకంతా ఖాళీ అనుకుంటాం కదా, కాదు. సూర్యుడి నుంచి ప్లాస్మా, అంటే విడిపోయిన ప్రోటాన్లూ ఎలక్ట్రాన్లూ, సెకనుకి 400 కిలోమీటర్ల చొప్పున ఎప్పుడూ వస్తూనే ఉంటుంది, దాన్నే సోలార్ విండ్ అంటారు. చాలా పల్చగా ఉంటుంది, క్యూబిక్ సెంటీమీటర్‌కి ఐదారు ప్రోటాన్లు ఉంటే ఎక్కువ. కానీ అది సూర్యుడి అయస్కాంత క్షేత్రాన్ని కూడా వెంట లాక్కొస్తుంది, అసలు గొడవంతా దానితోనే. భూమి అయస్కాంత క్షేత్రం, అంటే మాగ్నెటిక్ ఫీల్డ్, దానికి అడ్డం నిలబడుతుంది, సూర్యుడి వైపు సుమారు 60 వేల కిలోమీటర్ల దూరంలో రెండింటి తోపులాట సమానం అయ్యే చోటుని మాగ్నెటోపాజ్ అంటారు, రాత్రి వైపు మాత్రం మన ఫీల్డ్ చంద్రుడిని కూడా దాటిపోయేంత పొడుగు తోకలాగా సాగిపోతుంది.

ఈ సరిహద్దు మామూలుగా గట్టిగానే ఉంటుంది. అయితే సూర్యుడి నుంచి వచ్చిన ఫీల్డ్ దక్షిణం వైపు తిరిగి ఉందనుకో, మనది అక్కడ ఉత్తరం వైపు ఉంటుంది, ఎదురెదురుగా ఉన్న ఫీల్డ్ గీతలు తెగి ఒకదానితో ఒకటి కొత్తగా అతుక్కుంటాయి. దీన్నే మాగ్నెటిక్ రీకనెక్షన్ అంటారు. తలుపు తెరుచుకున్నట్టే, సోలార్ విండ్ ఎనర్జీ లోపలికి వచ్చేస్తుంది, అరోరాలూ (ధ్రువాల దగ్గర ఆకాశంలో కనిపించే రంగు వెలుగులు), మాగ్నెటిక్ స్టార్మ్‌లూ (భూమి ఫీల్డ్ అల్లకల్లోలం అవ్వడం) చాలావరకు అక్కడ మొదలైనవే. డంగీ అనే ఆయన 1961లోనే కాగితం మీద ఈ బొమ్మ గీసేశాడు. బొమ్మ సరే, నిజంగా ఆ తెగే చోట ఏం జరుగుతోందో దగ్గర నుంచి చూడ్డానికి ఇంకో యాభై ఏళ్ళ పైనే పట్టింది.

ఎందుకు పట్టిందంటే కొలవడం అంత కష్టం కాబట్టి. 1958లో అమెరికా మొదటి శాటిలైట్ ఎక్స్‌ప్లోరర్ 1 మీద వాన్ అలెన్ అనే సైంటిస్ట్ టీమ్ రేడియేషన్ లెక్కపెట్టే గైగర్ కౌంటర్ ఒకటి పెట్టారు, ఎత్తు పెరిగే కొద్దీ కౌంట్ పెరిగింది, తీరా బాగా పైకి వెళ్ళేసరికి సున్నా చూపించింది. రేడియేషన్ లేక కాదు, మరీ ఎక్కువైపోయి కౌంటర్ చేతులెత్తేసింది. రెండు నెలలకే ఎక్స్‌ప్లోరర్ 3 వెళ్ళింది, అందులో టేప్ రికార్డర్ ఉంది కాబట్టి ఆర్బిట్ మొత్తం డేటా దొరికింది, భూమి చుట్టూ ఉన్న రేడియేషన్ బెల్టుల సంగతి అలా బయటపడింది. అందుకే మా ఫీల్డ్‌లో ఎవరైనా సున్నా చూపిస్తే ముందు సంతోషించరు, అనుమానిస్తారు.

మాగ్నెటిక్ ఫీల్డ్ కథ వేరు. నువ్వు నిలబడ్డ చోట భూమి ఫీల్డ్ 30, 40 వేల నానోటెస్లా (ఫీల్డ్‌ని కొలిచే యూనిట్) ఉంటుంది. దూరం పది రెట్లయితే ఫీల్డ్ వెయ్యి రెట్లు పడిపోతుంది, అంటే మాగ్నెటోపాజ్ దగ్గర కొలవాల్సింది కొన్ని పదుల నానోటెస్లానే. సోలార్ విండ్‌లో అయితే మామూలు రోజున ఐదే. శాటిలైట్‌లో బ్యాటరీలూ వైర్లూ మోటార్లూ ఉంటాయి కదా, వాటి సొంత ఫీల్డే దీన్ని మించిపోతుంది. కాబట్టి ఫీల్డ్ కొలిచే మాగ్నెటోమీటర్‌ని బూమ్ అనే పొడుగాటి కడ్డీ చివర కట్టి బయటకి తోస్తారు. మన ఆదిత్య ఎల్1 కి 6 మీటర్ల బూమ్ ఉంది, 2024 జనవరిలో విప్పారు, దాని మీద సెన్సార్లు రెండు, ఒకటి చివర, ఒకటి మధ్యలో. రెండెందుకంటే శాటిలైట్ నుంచి వచ్చే చెత్త దగ్గర సెన్సార్‌కి ఎక్కువ తగులుతుంది, దూరం సెన్సార్‌కి తక్కువ తగులుతుంది, కానీ సోలార్ విండ్ ఫీల్డ్ రెండింటికీ ఒకటే, అలా పోల్చి చూసి చెత్తని తీసేస్తారు. ఇది కొత్త బాధేం కాదు, బొంబాయిలో కొలాబా అబ్జర్వేటరీ 1859లో వచ్చిన మహా మాగ్నెటిక్ స్టార్మ్‌ని రికార్డు చేసిన చోటు, అలాంటిది ఊళ్ళోకి కరెంటు ట్రాములు వస్తున్నాయని మాగ్నెటిక్ కొలతలన్నీ 1904లో సముద్రానికి అవతల ఉన్న అలీబాగ్‌కి మార్చేశారు. ట్రాములకి భయపడి సముద్రం దాటారు, మేం బ్యాటరీకి భయపడి బూమ్ కడుతున్నాం.

ఎలక్ట్రిక్ ఫీల్డ్ కొలవడం ఇంకా తలనొప్పి. నేను చూసే ఎమ్‌ఎమ్‌ఎస్ శాటిలైట్లు తిరుగుతూ ఉంటాయి, ఆ స్పిన్‌కే నాలుగు వైర్లు బయటకి లాగి పట్టుకుని ఉంటాయి, ఒక్కోటి 60 మీటర్లు, చివర చిన్న గుండు. ఎదురెదురు గుండ్ల మధ్య వోల్టేజ్ తేడా చూస్తే ఫీల్డ్ వస్తుంది. శాటిలైట్ బాడీయేమో మూడున్నర మీటర్ల వెడల్పు, వైర్లతో కలిపి 120 మీటర్లు! పైగా ఎండ తగిలితే బాడీ నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోయి అది పాజిటివ్ ఛార్జ్ అయిపోతుంది, అప్పుడు చుట్టుపక్కల ఎలక్ట్రాన్ల కొలత పాడవుతుంది, అందుకని ఇండియం అయాన్లని బయటకి చిమ్మే యంత్రం ఒకటి పెట్టి ఆ ఛార్జ్‌ని అదుపులో ఉంచుతారు. ఇది మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వాగలేదు, అంత దూరం వెళ్ళి మన ఛార్జ్ మనమే దింపుకోవడం.

సరే, నీ ప్రశ్నకి వస్తా. నువ్వు డాబా మీద నిలబడ్డావు, వాన ఆగింది. మబ్బు కురిసి కురిసి అయిపోయిందా, లేక పక్కకి జరిగిపోయిందా? ఒక్కడివే ఉంటే చెప్పలేవు. నీ ఫ్రెండ్స్ వేరే వేరే చోట్ల ఉండి ఎక్కడ ఎప్పుడు ఆగిందో ఫోన్ చేసి చెప్తే అప్పుడు తెలుస్తుంది. ఒక్క శాటిలైట్‌ది అచ్చం ఇదే ఇబ్బంది. ఫీల్డ్ మారింది అని గ్రాఫ్‌లో కనిపిస్తుంది, కానీ అక్కడే ఉన్నది మారిందా, లేక వేరేది వచ్చి శాటిలైట్ మీదుగా వెళ్ళిపోయిందా తెలీదు. మాగ్నెటోపాజ్ ఒకచోట కుదురుగా ఉండే రకం కాదు, సెకనుకి పదుల కిలోమీటర్ల వేగంతో ముందుకీ వెనక్కీ ఊగుతూనే ఉంటుంది. రెండు శాటిలైట్లు ఉంటే ఒక గీత వెంట తేడా తెలుస్తుంది, మూడుంటే ఒక ప్లేన్‌లో, నాలుగుంటే నాలుగు మూలల పిరమిడ్ అవుతుంది కాబట్టి మూడు దిక్కుల్లోనూ ఫీల్డ్ ఎలా మారుతోందో తెలిసిపోతుంది. అది తెలిస్తే ఫీల్డ్‌నీ కరెంట్‌నీ కలిపే ఆంపియర్ లా అనే సూత్రం వాడి ఆ పిరమిడ్‌లో ఎంత కరెంట్ పారుతోందో కూడా లెక్క కట్టొచ్చు, కరెంట్‌ని విడిగా కొలవకుండానే. అందుకే నాలుగు. మూడుతో చాలదు, ఐదోది ఉంటే మంచిదే కానీ లేకపోయినా నడుస్తుంది.

ఈ ఆలోచనతో మొదట కట్టింది యూరప్ వాళ్ళు, పేరు క్లస్టర్. 1996 జూన్ 4న నాలుగింటినీ కలిపి కొత్త రాకెట్ ఏరియాన్ 5 మొదటి ఫ్లైట్‌లోనే ఎక్కించారు. నిమిషం కూడా గడవలేదు, పేలిపోయింది. పాత ఏరియాన్ 4 నుంచి తెచ్చిన కోడ్‌లో 64 బిట్ల నంబర్‌ని 16 బిట్లలోకి కుక్కబోతే పట్టలేదు, రాకెట్ దారి తప్పింది. నువ్వు కోడింగ్ క్లాసులో ఓవర్‌ఫ్లో అంటే "ఆ ఏముందిలే" అంటావు కదా, అదే ఇది. పదేళ్ళ పని పోయింది, కానీ వాళ్ళు వదల్లేదు, మిగిలిన స్పేర్ పార్టులతో ముందు ఒకటి కట్టి ఫీనిక్స్ అని పేరు పెట్టారు, తర్వాత ఇంకో మూడు కట్టి 2000లో బైకనూర్ నుంచి సోయుజ్ రాకెట్లలో రెండేసి చొప్పున పంపారు. వాటి పేర్లు రుంబా, సల్సా, సాంబా, టాంగో, డాన్సులన్నమాట. ఇరవై ఏళ్ళ పైన పనిచేశాయి, సల్సాని 2024 సెప్టెంబర్‌లో కావాలనే దక్షిణ పసిఫిక్ మీద వాతావరణంలోకి దింపి కాల్చేశారు.

క్లస్టర్‌కి ఒక పరిమితి ఉండేది. అది ఒక చుట్టు తిరగడానికి 4 సెకన్లు, ఎలక్ట్రాన్లని అన్ని దిక్కుల నుంచీ చూడాలంటే ఆ చుట్టు పూర్తవ్వాలి. రీకనెక్షన్ అసలు జరిగే చోటేమో కొన్ని కిలోమీటర్ల మందమే, సెకనులో చిన్న ముక్కలో మీదుగా వెళ్ళిపోతుంది, 4 సెకన్ల చుట్టుకి అది ఎక్కడ దొరుకుతుంది? అందుకే 2015 మార్చిలో వెళ్ళిన ఎమ్‌ఎమ్‌ఎస్‌లో చుట్టూ ఎటు వైపు చూసినా సెన్సార్లు ఉండేట్టు కట్టారు, చుట్టు కోసం ఎదురు చూడక్కర్లేదు, 30 మిల్లీసెకన్లకి ఒకసారి ఎలక్ట్రాన్ల పూర్తి బొమ్మ వస్తుంది. నాలుగూ ఒకదానికొకటి ఏడెనిమిది కిలోమీటర్ల దగ్గరగా కూడా ఎగిరాయి. అంత దూరంలో ఎక్కడున్నాయో తెలియడానికి జీపీఎస్సే వాడతారు, మన ఫోన్లో ఉండేదే, అయితే జీపీఎస్ శాటిలైట్ల కంటే చాలా పైన ఉండి, భూమికి అవతలి వైపు నుంచి పక్కలకి కారే సిగ్నల్ పట్టుకుంటాయి. 2019లో 1,87,000 కిలోమీటర్ల ఎత్తులో పట్టాయి, చంద్రుడికి సగం దారి.

ఫలితం తొందరగానే వచ్చింది. 2015 అక్టోబర్ 16న మాగ్నెటోపాజ్ దగ్గర నాలుగూ నేరుగా ఆ తెగే చోటులోంచే వెళ్ళాయి. ఎలక్ట్రాన్ల వేగాలు ప్లాట్ వేస్తే మామూలుగా గుండ్రంగా రావాలి, అక్కడ నెలవంక ఆకారం వచ్చింది. రెండు వైపుల ఫీల్డ్ మధ్య ఇరుక్కుని అటూ ఇటూ ఊగే ఎలక్ట్రాన్లు ఇలా కనిపిస్తాయని థియరీ వాళ్ళు సిమ్యులేషన్లలో ముందే చూశారు. నాకు మా ఫీల్డ్‌లో అన్నిటికంటే ఇష్టమైన బొమ్మ ఇదే.

నా పని ఇందులో ఎక్కడంటే, శాటిలైట్లు ఫుల్ స్పీడ్‌లో రికార్డు చేసేదంతా కిందకి పంపడానికి బ్యాండ్‌విడ్త్ చాలదు, నాలుగైదు శాతం మించి రాదు. ముందు తక్కువ క్వాలిటీ డేటా వస్తుంది, దాన్ని చూసి ఒక సైంటిస్ట్ ఏ నిమిషాలు కావాలో గుర్తు పెడతాడు, మిగతాది ఆన్‌బోర్డ్ మెమరీలో చెరిగిపోతుంది. ఆ మనిషిని సైంటిస్ట్ ఇన్ ద లూప్ అంటారు, డ్యూటీ వంతులు వేసుకుంటారు. మా సీనియర్ వంతు వచ్చినప్పుడు నేను పక్కన కూర్చుంటా. స్క్రీన్ మీద ఎర్రగా పచ్చగా పట్టీలు, మధ్యలో ఫీల్డ్ గీత ఒకటి సున్నాని దాటి కిందకి పడుతుంది, అదే టైమ్‌కి ప్లాస్మా స్పీడ్ ఒక్కసారి లేస్తుంది, ఆవిడ ఏమీ మాట్లాడకుండా దాని మీద మౌస్ లాగి పెద్ద మార్కు వేస్తుంది. ఇప్పుడు మెషిన్ లెర్నింగ్ కూడా సాయం చేస్తుందిలే. కానీ మోడల్‌కి తెలిసిన రకాలే అది ఎంచుకుంటుంది, కొత్త వింత ఏదైనా కనబడితే ఆగి చూసేది మనిషే అని నా నమ్మకం.

"ఇదంతా దేనికి" అని నాన్న అడుగుతాడు, చెప్పు. 1989 మార్చిలో ఇలాంటి స్టార్మ్‌కే కెనడా క్యూబెక్‌లో 60 లక్షల మందికి తొమ్మిది గంటలు కరెంట్ పోయింది. 2022 ఫిబ్రవరిలో పెద్దదేం కాని స్టార్మ్‌కే పై గాలి వేడెక్కి ఉబ్బి, అప్పుడే వదిలిన 49 స్టార్‌లింక్ శాటిలైట్లలో 40 దాకా కిందకి పడిపోయాయి. 2024 మే స్టార్మ్ నీకు గుర్తుందిగా, లడాఖ్‌లో హాన్లే దగ్గర ఆకాశం ఎర్రబడిన ఫోటోలు నువ్వే నాకు పంపావు. ఇలాంటివి వస్తున్నాయని చెప్పడానికి సూర్యుడి వైపు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఎల్1 అనే చోట ఏస్ లాంటి శాటిలైట్లు, ఇప్పుడు మన ఆదిత్య ఉన్నాయి. అక్కడ తగిలింది ఇక్కడికి రావడానికి మామూలుగా గంట, పెద్ద స్టార్మ్ అయితే అరగంటే. అయితే అంత వెడల్పున వస్తున్న దాన్ని ఎల్1 చుట్టుపక్కల చిన్న చోటు నుంచే చూస్తున్నాం, మళ్ళీ నీ డాబా గొడవే, అక్కడ దక్షిణం చూపించిన ఫీల్డ్ ఇక్కడికొచ్చేసరికి తిరిగి ఉండొచ్చు. అందుకే ఫోర్‌కాస్ట్ ఇంకా తప్పుతుంటుంది, ఎవరు గొప్పలు చెప్పినా నమ్మకు.

ఎమ్‌ఎమ్‌ఎస్ డేటా అంతా ఫ్రీ, లాగిన్ కూడా అక్కర్లేదు, పైథాన్ వచ్చు కదా నీకు. పైస్పెడాస్ అని ప్యాకేజీ ఉంది, ఇన్‌స్టాల్ చేసి 2015 అక్టోబర్ 16, యూనివర్సల్ టైమ్ 13:07 చుట్టూ రెండు నిమిషాల మాగ్నెటిక్ ఫీల్డ్ బర్స్ట్ డేటా, అంటే ఆ ఫుల్ స్పీడ్ డేటా, దించు, నాలుగు శాటిలైట్లదీ ఒకే ప్లాట్‌లో వెయ్యి. బాగా జూమ్ చేస్తే నాలుగు గీతలూ ఒకేసారి మారవు, కొంచెం ముందూ వెనకా ఉంటాయి. ఏది ముందు, ఏది చివర, ఎన్ని మిల్లీసెకన్ల తేడానో రాసి పంపు, అప్పుడు ఆ సరిహద్దు ఎటు వైపు ఎంత వేగంతో కదిలిందో ఎలా లెక్కపెట్టాలో చెప్తా. ఎర్రర్ వస్తే స్క్రీన్‌షాట్ పంపు, "రావట్లేదక్కా" అని మాత్రం పంపకు.

నీ అక్క