శనివారం క్రౌలీ లేక్ (కాలిఫోర్నియా) చేపలు పట్టే పోటీకి వచ్చేవాళ్లకు

అందరికీ నమస్కారం. ఫ్లోట్ ట్యూబ్‌లో (కూర్చుని నీళ్లపై తేలుతూ చేపలు పట్టే గాలి ట్యూబ్) ఇంటి దగ్గరే ఫుల్‌గా గాలి కొట్టి తీసుకురావద్దు. క్రౌలీ లేక్ దాదాపు 6,800 అడుగుల ఎత్తులో ఉంది. పైకి వచ్చేకొద్దీ లోపలి గాలి ఉబ్బుతుంది, ఎండ తోడైతే కుట్లు తెగిపోవచ్చు. ఒడ్డున కొట్టుకుందాం. చల్లటి నీళ్లలోకి దిగాక ట్యూబ్ మెత్తబడితే ఇంకాస్త కొట్టండి.

ఈత వచ్చినా సరే, లైఫ్ జాకెట్ లేకుండా ఎవరూ దిగొద్దు, ప్లీజ్. వేడర్స్ (నీళ్లు లోపలికి రాని పొడవాటి ప్యాంటు) బెల్టు బిగించుకోండి. కాళ్లకు ఫిన్స్ (ఈత రెక్కలు) ఉంటాయి కాబట్టి వెనక్కి నడుస్తూ దిగాలి. మధ్యాహ్నం గాలి లేస్తే కాళ్లతో తన్నుకుంటూ ఒడ్డుకు చేరడం చాలా కష్టం. అలలు మొదలవగానే, చేపలు బాగా పడుతున్నా వచ్చేయండి.

అక్కడి ట్రౌట్ చేపలు కైరానమిడ్ ప్యూపాలను బాగా తింటాయి. కైరానమిడ్ అంటే దోమలా ఉండి కుట్టని పురుగు, ప్యూపా అంటే దానికి ఇంకా రెక్కలు విచ్చుకోని దశ. ఫ్లై (పురుగులా కనిపించేలా కట్టిన హుక్కు) సరస్సు అడుగుకు కాస్త పైన వేలాడాలి. ఫ్లైకి బరువుగా ఫోర్సెప్స్ (చిన్న పట్టకారు) తగిలించి నేల తాకేదాకా వదలండి, ఆ లోతుకు ఒక అడుగు తగ్గించి ఇండికేటర్ (దారానికి కట్టే, నీళ్లపై తేలే బెండు) పెట్టండి. పోయినసారి ఇది కొలవక సగం రోజు పోగొట్టుకున్నాను. మీకు అలా కాకూడదు.

కొన దగ్గర వెనక్కి తిరిగిన ముల్లు (బార్బ్) లేని హుక్కులే తెండి, చేపకు నొప్పి తక్కువ. లైసెన్స్ మర్చిపోవద్దు. పులిహోర నేను తెస్తాను.