కష్టమైన పాత ఆటలకు కొత్త రూపం: మిత్రుడికి ఉత్తరం

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. ఈ సెలవుల్లో మీ అమ్మాయి చేత క్రాష్ బ్యాండికూట్ అనే వీడియో గేమ్ ఆడించాలనుకుంటున్నావనీ, 1996 నాటి అసలు ఆటను వెతకాలో దాన్నీ దాని తర్వాతి రెండు ఆటలనూ కలిపి 2017లో కొత్తగా తయారుచేసిన ఎన్. సేన్ ట్రిలజీ అనే సంపుటి కొనాలో తేలడం లేదనీ, అంత కఠినమైన ఆటలు ఈ కాలం పిల్లలకు నచ్చుతాయా అనీ అడిగావు. నచ్చుతాయనే నా నమ్మకం. అయితే పాత ఆటను బాగుచేసినవారు దేన్ని ముట్టుకున్నారు, దేన్ని వదిలేశారు అన్నదాన్ని బట్టి ఫలితం చాలా మారిపోతుంది. నాకు ఎంతో ఇష్టమైన విషయం కాబట్టి ఉత్తరం కొంచెం పొడవైనా ఓపికగా చదువు.

ఆ ఆటలు అంత కఠినంగా ఎందుకుండేవో ముందు చెబుతాను. 1985లో క్యాప్‌కామ్ విడుదల చేసిన గోస్ట్స్ ఎన్ గాబ్లిన్స్, నాణెం వేసి ఆడే యంత్రాల కోసం చేసిన ఆట. ఆడేవాడు త్వరగా ఓడిపోతేనే యంత్రంలో మరో నాణెం పడుతుంది. 1994లో వచ్చిన లయన్ కింగ్ సంగతి వేరు. దాన్ని అద్దెకు తీసుకెళ్లిన పిల్లలు రెండు రోజుల్లో ముగించేస్తే ఇక కొనరన్న భయంతో తొలి లెవెళ్లలోనే కష్టం పెంచవలసి వచ్చిందని రూపకర్తల్లో ఒకరైన లూయీ క్యాసిల్ తర్వాతి కాలంలో చెప్పారు. రెండో లెవెల్లో కోతులు మనల్ని ఒకదాని నుంచి మరొకదానికి విసిరే ఆ చిక్కుముడి అలా కఠినమైంది. మన ఊళ్ల కంప్యూటర్ సెంటర్లలో ఆ ఆట ఆడిన పిల్లలకు అమెరికాలోని అద్దె దుకాణాల గురించి ఏమీ తెలియకపోయినా, ఆ లెక్కల భారం మాత్రం వాళ్ల వేళ్ల మీద పడింది.

అందుకే ఆ కష్టమంతటినీ ఒకే గాటన కట్టకూడదంటాను. గోతి మీదుగా సరిగ్గా ఏ క్షణాన దూకాలి, ఎంత దూరాన దిగాలి అన్నది ఒక కష్టం. ఆటకు ప్రాణం అదే. ఒక్కసారి తప్పితే లెవెల్ మొదటికి పంపడం, సేవ్ చేసుకోనివ్వకపోవడం, లైఫులు అయిపోయాయని గంట శ్రమను తుడిచేయడం వేరే కష్టం, అది శిక్ష. శిక్షను ఎంత తగ్గించినా నాకు అభ్యంతరం లేదు. దూకడాన్ని మార్చితే మాత్రం అది పాత ఆట కాదు.

ఇక క్రాష్ విషయానికి వస్తాను. నాటీ డాగ్ సంస్థ చేసిన మొదటి ఆటలో కావాలన్నప్పుడు సేవ్ చేసుకునే వీలుండేది కాదు. బోనస్ రౌండును పూర్తి చేస్తేనో, రత్నం గెలిస్తేనో తప్ప ఆ అవకాశం దొరికేది కాదు. రత్నం కావాలంటే లెవెల్లోని పెట్టెలన్నింటినీ ఒక్కసారి కూడా చావకుండా పగలగొట్టాలి. వికేరియస్ విజన్స్ వారు 2017లో మూడు ఆటలనూ కొత్తగా నిర్మించినప్పుడు ఈ శిక్షలను ఎంతో వివేకంతో సడలించారు. ఎక్కడైనా సేవ్ చేసుకోవచ్చు. రంగు రత్నాలకు తప్ప మామూలు రత్నాలకు చావకూడదన్న నియమాన్ని తీసేశారు. మొదటి రెండు ఆటలకు కూడా కాలంతో పోటీపడే పందెం చేర్చారు. ఇవన్నీ మేలైన మార్పులే.

అయితే దూకడం మారిపోయింది, నా బాధంతా అక్కడే ఉంది. అసలు ప్రోగ్రాం కోడ్ లేకుండా, పాత లెవెళ్ల ఆకృతులను ఆధారం చేసుకుని అంతా మళ్లీ కట్టారు. కథానాయకుడు క్రాష్ కదలికలకు మూడో ఆటను మూలంగా తీసుకుని మూడింటికీ సర్దారు. కొత్త క్రాష్ గెంతు చివర్లో పాతవాడికన్నా వేగంగా కిందికి పడతాడు. పైగా అతని శరీరాన్ని ఆట లెక్కగట్టే ఆకారం క్యాప్సూల్ లాగా అడుగున గుండ్రంగా ఉండడం వల్ల, పాత ఆటలో అంచు మీద నిలిచిపోయే పాదాలు కొత్తదానిలో జారిపోతాయి. విడుదలైన కొద్ది వారాలకే ప్రచురణకర్తలు కూడా మొదటి ఆటలో కొన్ని గెంతులకు మునుపటికన్నా ఎక్కువ కచ్చితత్వం కావాలని ఒప్పుకున్నారు. దీని ప్రభావం ది హై రోడ్ అనే లెవెల్లో స్పష్టంగా తెలుస్తుంది. పొగమంచులో విరిగిన చెక్కల వంతెన మీద, తాబేళ్లను తిరగేసి వాటి మీద ఎగిరి దాటవలసిన చోట, కచ్చితంగా దిగాననుకున్న చెక్క అంచు నుంచి క్రాష్ జారిపోతుంటే అది మన తప్పో ఆట తప్పో తెలియదు. చేసిన తప్పేమిటో స్పష్టంగా తెలిసినప్పుడే మళ్లీ ప్రయత్నించాలనిపిస్తుంది. అందుకే చాలామంది అక్కడ వంతెన తాళ్ల మీద నడిచి గట్టెక్కుతారు, వాళ్లను తప్పుపట్టలేను.

ఇంత చెప్పినా ఆ సంపుటిని ప్రేమించకుండా ఉండలేను. మరీ కఠినంగా ఉందని 1996లో పక్కన పెట్టేసిన స్టార్మీ అసెంట్ అనే లెవెల్‌ను వెలికితీసి, పూర్తిచేసి ఆడేవాళ్ల చేతికిచ్చారు. దాచిన కష్టాన్ని బయటపెట్టడం కూడా పాత ఆటకు ఇచ్చే గౌరవమే.

దీనికి భిన్నమైన దారి 2021లో వచ్చిన గోస్ట్స్ ఎన్ గాబ్లిన్స్ రిసరక్షన్‌ది. అసలు ఆటను రూపొందించిన టొకురో ఫుజివారాయే దీనికీ దర్శకుడు కావడం వల్ల కాబోలు, అందులోని వీరుడు ఆర్థర్ గెంతు జోలికి ఎవరూ పోలేదు. నేల విడిచాక గాలిలో దిశ మార్చుకోలేడు. బటన్ నొక్కేముందే ఎక్కడ దిగుతాడో నిర్ణయించుకోవాలి. రెడ్ అరీమర్ అనే రెక్కల రాక్షసుడు మన ఈటెలను తప్పించుకుని మీదికి దూకే తీరు కూడా అలాగే ఉంది. బొమ్మలు మాత్రం పూర్తిగా మారాయి. చేతులు, కాళ్లు, తల విడివిడిగా కదిలే ఆ రూపాలు తోలుబొమ్మలాటను గుర్తుచేస్తాయి. శిక్షను మాత్రం ఆడేవాళ్ల ఇష్టానికి వదిలారు. నాలుగు స్థాయుల్లో అన్నింటికన్నా సులువైనదైన పేజ్ ఎంచుకుంటే చచ్చిన చోటే మళ్లీ లేస్తాం. లెజెండ్ ఎంచుకుంటే ఒక దెబ్బకు కవచం, రెండో దెబ్బకు ప్రాణం పోతాయి. గెంతు మాత్రం ఏ స్థాయిలోనైనా ఒకటే. బాగుచేయడమంటే ఇదే అని నా అభిప్రాయం.

తప్పు చేసినప్పుడు ఆటను వెనక్కి తిప్పుకునే సౌకర్యం గురించి కూడా అడిగావు. 2019లో అల్లాదీన్, లయన్ కింగ్ ఆటలను కలిపి తెచ్చినప్పుడు డిజిటల్ ఎక్లిప్స్ వారు రివైండ్ పెట్టారు. ఆట తనంతట తాను సాగుతుండగా చూసి, కావలసిన చోట పగ్గాలు అందుకునే వీలూ కల్పించారు. అద్దె దుకాణాల కోసం పుట్టిన ఆ కష్టాన్ని అమ్మాయి రివైండ్‌తో దాటేసినా నాకు ఏమాత్రం తప్పుగా తోచదు. ఆర్థర్ విషయంలో మాత్రం కొంచెం ఆగమంటాను. అతని గెంతులో ముందుగా నిర్ణయించుకోవడమే ఆట కాబట్టి, నిర్ణయాన్ని వెనక్కి తీసుకునే అలవాటు అయితే నేర్చుకోవలసినదే మిగలదు.

ఏది కొన్నా ముందు మీ టీవీ సెట్టింగులలో గేమ్ మోడ్ పెట్టు. పాత డబ్బా టీవీలు సంకేతం అందగానే బొమ్మ చూపేవి; ఇప్పటి తెరలు బొమ్మకు మెరుగులు దిద్దుతూ ఆలస్యం చేస్తాయి. ఇలాంటి ఆటలో ఆ కాస్త ఆలస్యమూ గోతిలో పడేస్తుంది.

నా సలహా ఇది: ఎన్. సేన్ ట్రిలజీయే కొను, కానీ వరుసక్రమం పాటించకు. కొత్త కదలికలు సహజంగా ఇమిడే మూడో ఆట వార్ప్డ్‌తో మొదలుపెట్టించు, తర్వాత రెండోది, అన్నింటికన్నా చివర మొదటిది. ది హై రోడ్ దగ్గరికి చేరినప్పుడు తాళ్ల మీద నడవడం గురించి అమ్మాయికి నువ్వు చెప్పకు. తనే కనిపెడుతుందేమో చూసి, ఏమైందో నాకు వెంటనే రాయి.

ఇట్లు,
నీ మిత్రుడు