ఓడ దిగాక ఏమయ్యాడు?

ఒరేయ్ సూరీ,

జవాబు ఆలస్యమైంది, కోప్పడకు. ఇంట్లో అంతా కులాసా, అమ్మ కంటి ఆపరేషన్ బాగా అయింది. మిగతావి తర్వాత.

ముందు మీ ముత్తాత సంగతి! దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కి ఒప్పంద కూలీలుగా వెళ్లినవాళ్ల ఓడ జాబితాలో ఆయన పేరు దొరికిందని సంబరపడి ఆగిపోకురా. ఆ వరసలో ఒక అంకె ఉంది చూడు, కలోనియల్ నంబరు, అంటే ఒక్కో కూలీకి ఇచ్చిన గుర్తు అంకె, అది రాసి పెట్టుకో. 1860 నుంచి 1911 దాకా 1,52,184 మంది వెళ్లారు. వాళ్లలో అప్పన్నలెందరో, రామన్నలెందరో! గుమాస్తాలు చెవికి తోచినట్టు రాసుకున్నారు. పిల్లల నాటికి తండ్రి పేరో కులం పేరో ఇంటిపేరైపోయింది. మన ట్యూషన్ హాజరు పట్టీ గుర్తుందా? మాస్టారు పేర్లు తప్పు పిలిచినా రోల్ నంబరు తప్పేవారు కాదు. అదే ఇదీ.

ఆయన దిగింది 1899 అన్నావు. అయిదేళ్ల ఒప్పందం 1904లో తీరింది. అసలు కష్టం అప్పుడే. 1895 నాటి 17వ చట్టం (నీ రోల్ నంబరే!) ప్రకారం అక్కడే ఉండిపోతే ఏటా 3 పౌన్లు, అంటే 60 షిల్లింగుల పన్ను. అయిదో ఏట జీతం నెలకు 14 షిల్లింగులు. నాలుగు నెలల కష్టం పన్నుకే పోయేదన్నమాట. పైగా 1903 నుంచి 16 దాటిన కొడుకుకీ, 13 దాటిన కూతురికీ కూడా. తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. కట్టలేనివాళ్లు మళ్లీ ఒప్పందం రాశారు, లేదా తిరుగు ఓడెక్కారు. కాబట్టి అదే నంబరు మీద రెండో ఒప్పందం ఉందేమో ముందు చూడు.

తర్వాత అక్కడి పీటర్‌మారిట్స్‌బర్గ్ ఆర్కైవ్స్‌లో 'ఐఐ' (ఇండియన్ ఇమ్మిగ్రేషన్) గుర్తున్న వలస శాఖ ఫైళ్లు: ఫిర్యాదులు, అర్జీలు, తోట వదిలి వెళ్లిన కేసులు. ముందు నంబరుతో, తర్వాత తోట యజమాని పేరుతో వెతుకు, ఆయన పేరుతో ఆఖర్న. చాలా ఫైళ్ల శీర్షికలో కూలీ పేరే ఉండదు. ఆన్‌లైన్ సూచికలో కనబడేది శీర్షికే. సంపుటి, రిఫరెన్స్ నంబర్లు దించుకుని నకలు అడగాలి.

ఆస్తి ఏ కాస్తున్నా 'ఎంఎస్‌సీఈ' ఫైల్లో, అంటే చనిపోయినవాళ్ల ఆస్తుల కోర్టు ఫైల్లో, డెత్ నోటీసు దొరకొచ్చు. తల్లిదండ్రులు, భార్య, పిల్లల పేర్లు అందులోనే. వయసు మాత్రం నమ్మకు, చెప్పినవాడు పొరుగువాడైతే ఉజ్జాయింపే.

ఒక్క మాట. జైలు, పిచ్చాసుపత్రి, ఉరి, ఏదైనా బయటపడొచ్చు. నాయనమ్మ పక్కన కూర్చుని తెరవకు. ముందు నువ్వొక్కడివే చదువు.

ఏమీ దొరక్కపోతే తిరిగొచ్చాడేమో. 1914 చట్టం ఆ పన్ను ఎత్తేసింది, అక్కడ ఉండే హక్కు వదులుకున్నవాళ్లకి ఉచితంగా ఓడ టికెట్టూ ఇచ్చింది. అలా మద్రాసులో దిగినవాళ్ల గురించి చాలా చెప్పాలి, ముఖ్యంగా అక్కడే పుట్టిన పిల్లలు... అయ్యో, టపా కట్టేసే వేళైంది. ఆ నంబరు వెంటనే పంపు.

నీ
రాజు